తాత డబుల్ బ్యారెల్ అమ్మాలా, ఉంచుకోవాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నర్సంపేట దగ్గర మీ పల్లెలో తాతగారు కొన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. ఆయన తర్వాత నాన్నగారు లైసెన్సు తన పేరు మీద చేయించుకున్నారు. నాన్నగారు పోయి ఇంకా నెల కాలేదు. అన్న అమ్మేద్దామంటున్నాడు, అమ్మ వద్దంటోంది. "అసలు తుపాకులున్నవాళ్ళు వాటిని అంత ప్రాణంగా ఎందుకు చూసుకుంటారు? ఏ తుపాకీ మీద వాళ్ళకు మమకారం ఎక్కువ?" అని అడిగావు.

జవాబుకు ముందు ఒక అర్జంటు సంగతి. లైసెన్సు నాన్నగారి పేరు మీద ఉంది కాబట్టి ఆయనతోనే దాని చెల్లుబాటు పోయింది. ఇవాళ ఆ తుపాకీ మీ ఇంట్లో ఉండటం చట్టప్రకారం తప్పు. దినాలు అయ్యాక చూద్దాం, పంపకాలు అయ్యాక చూద్దాం అనుకోకు. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్సు ఉన్న తుపాకుల డీలర్ దగ్గరగానీ తుపాకీ, తూటాలు అన్నీ డిపాజిట్ చేసి రసీదు తీసుకో. రసీదులో తుపాకీ నంబరు, తయారీదారు పేరు, గొట్టాల పొడవు, తూటాల లెక్క రాయించుకో. తుపాకీ ఏ స్థితిలో ఉందో కూడా ఒక ముక్క రాయమను. ఆ ముక్క ఎందుకో కింద చెప్తాను.

నా గురించి రెండు మాటలు. 1979లో సైన్యంలో చేరి, అక్కడి యంత్రాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు మరమ్మతు చేసేవాడిగా, 17 ఏళ్ళు చేశాను. బయటికొచ్చాక హనుమకొండలో లైసెన్సు ఉన్న ఒక దుకాణంలో తుపాకుల మరమ్మతు పనిలో కుదిరాను, ఇప్పటికీ అదే పని. భూపాలపల్లి, ములుగు, పరకాల, జనగామ, హుజూరాబాద్ వైపు నుంచి వచ్చిన తుపాకులే ఎక్కువగా నా చేతుల్లో విడిపడి మళ్ళీ కలిశాయి.

ఎవరికి ఏ తుపాకీ ప్రాణమో మామూలుగా అడిగితే నిజం తెలియదు. అందరూ ఖరీదైనదే చూపిస్తారు. 2019లో ఆయుధాల చట్టం మార్చాక మాత్రం నాకు తెలిసొచ్చింది. అంతకుముందు ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. కొత్త సవరణ ఆ లెక్కను రెండుకు తగ్గించింది. మూడోది ఉన్నవాళ్ళు ఏడాదిలోపు, అంటే 2020 డిసెంబర్ లోపు, దాన్ని అప్పగించాలి. సరిగ్గా కరోనా కాలం. అయినా మాస్కులు కట్టుకుని ఒక్కొక్కరే దుకాణానికి వచ్చేవాళ్ళు.

జనగామ వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. ఆయన దగ్గర కాన్పూర్‌లో తయారైన పాయింట్ 32 రివాల్వర్, ఇషాపూర్ పాయింట్ 315 రైఫిల్, వాళ్ళ నాన్న కాలం నాటి బర్మింగ్‌హామ్ డబుల్ బ్యారెల్ ఉన్నాయి. మూడూ బల్ల మీద పెట్టి ఒక గంట కూర్చున్నారు. రైఫిల్ గురి మూడింటిలోకీ గట్టిది. రివాల్వర్ రోజూ నడుముకు ఉండేది. డబుల్ బ్యారెల్‌లో ఆయన తూటా పెట్టి ఇరవై ఏళ్ళయింది. చివరికి రైఫిల్ ఇచ్చేశారు. "ఇదైతే పైసలు పెడితే మళ్ళ దొరుకుతది. నాయిన బందూకు యాడ దొరుకుతది?" అన్నారు. ఆ ఏడాది నా ముందే అలా తేల్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఆ పాతదాన్నే అట్టిపెట్టుకున్నారు. కొత్తది ఇచ్చి పాతది ఉంచుకోవడం లెక్క ప్రకారం తెలివైన పని కాదు. అయినా అదే చేశారు. నీ ప్రశ్నకు నా జవాబులో సగం అదే.

మిగతా సగం ఆ తుపాకీ పనితనంలో ఉంది. మన ముసలివాళ్ళు దోనాలి బందూకు అనేది ఈ డబుల్ బ్యారెల్‌నే. ఇవి ఎక్కువగా 12 బోర్‌వి. ఆ మాటకు అర్థం చాలామందికి తెలియదు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్. అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. రెండు గొట్టాలకు రెండు ట్రిగ్గర్లు. మామూలుగా ముందుది కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి. కుడి గొట్టం మూతి కాస్త విశాలం, దగ్గర్లో ఛర్రాలు, అంటే తూటాలోని చిన్న గుండ్లు, వెడల్పుగా పరుచుకుంటాయి. ఎడమది మూతి దగ్గర బిగించి ఉంటుంది, అందుకని ఛర్రాలు దూరం దాకా గుంపుగా పోతాయి. దగ్గరా దూరమా అన్నది వేలితోనే తేల్చుకోవచ్చు. 1875లో బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసే ఆన్సన్, డీలీ అనే ఇద్దరు కనిపెట్టిన లాక్ (తూటాను పేల్చే యంత్రాంగం) పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తోంది. మీ తాత తుపాకీకి పైన ఘోడాలు, అంటే తూటాను పేల్చే సుత్తులు, కనపడకపోతే అది చాలావరకు ఆ పద్ధతిదే అయ్యుంటుంది.

మంచి తుపాకీని నేను ముందు చెవితో చూస్తాను. గొట్టాలను విడదీసి, కింద ఉన్న కొక్కేన్ని వేలికి తగిలించి వేలాడదీసి, గోరుతో తడతాను. మంచి గొట్టాలు గుడి గంటలా మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. రెండు గొట్టాల మధ్య పట్టీకి వేసిన టంకం ఎక్కడైనా వదిలితే పగిలిన కుండను తట్టినట్టు బొదబొదమంటుంది. ఆ గంట మోత విన్నప్పుడు యజమాని మొహం చూడాలి. నలభై ఏళ్ళుగా ఇంట్లో ఉన్న వస్తువు గొంతు మొదటిసారి వింటున్నట్టు ఉంటుంది.

తర్వాత చెక్క. అక్రోటు చెక్క, దాన్ని మనిషి కొలతకు చెక్కుతారు. కుడిచేతి వాటం మనిషికి చెక్కను కాస్త కుడిపక్కకు వంచుతారు, కన్ను నేరుగా గొట్టాల మధ్య పట్టీ మీదకు రావడానికి. కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికెత్తి, కళ్ళు తెరిస్తే చూపు ఆ పట్టీ మీదే ఉండాలి. అప్పుడే అది నీ తుపాకీ. ఇంగ్లండ్ కొలతకు చేసినవి మనవాళ్ళకు పొడుగవుతాయి. అందుకే మన దగ్గరి పాత తుపాకుల మడమలు, అంటే భుజానికి ఆనించే చివరలు, అర అంగుళమో ముప్పావు అంగుళమో కోసి ఉంటాయి. కొన్నిటికి తర్వాతి తరం పొడుగై, కోసిన చోట టేకు ముక్క అతికించి ఉంటుంది. మీ తాత ఎంత మనిషో, ఏ చేతి వాటమో ఆ చెక్కే చెబుతుంది. చెంప ఆనే చోట పాలిష్ పోయి నున్నగా మెరుస్తుంటే అక్కడ వేలు పెట్టి చూడు. మీ తాత చెంప ఆనీ ఆనీ అరిగిన చోటు అది.

పరకాల వైపు ఒక రైతు కథ చెప్పకుండా ఉండలేను. 1980లో పీపుల్స్‌వార్ నక్సలైట్ పార్టీ పుట్టాక మన ఉత్తర తెలంగాణ పల్లెల్లో లైసెన్సు తుపాకీ ఉండటమే టెన్షన్ అయింది. రాత్రిపూట దళం వచ్చి తుపాకీ ఇమ్మంటుంది, తెల్లారితే ఎందుకు ఇచ్చావని పోలీసులు అడుగుతారు. చాలామంది తమ తుపాకులు స్టేషన్లలో పెట్టి ఊపిరి పీల్చుకున్నారు. ఈయనా అలాగే పెట్టారు. పదకొండేళ్ళ తర్వాత తెచ్చుకున్నారు. గోనెసంచిలో చుట్టి నా దగ్గరికి తెచ్చినప్పుడు సంచి విప్పితే ముందు చెదపుట్ట మట్టి రాలింది. మడమ చెక్కలో పావు వంతు చెదలు తిన్నాయి. గొట్టాల్లోకి చూస్తే రెండువైపులా తుప్పు గుంటలు. ఎక్కడ పెట్టారో, ఎవరిది నిర్లక్ష్యమో ఇప్పుడు అనవసరం. తుపాకీ ఏ స్థితిలో ఇచ్చారో రసీదులో లేదు కాబట్టి ఆయనకు అడిగే హక్కు లేకుండా పోయింది. నీకు ఆ ముక్క రాయించుకోమన్నది అందుకే.

గుంటల లోతు కొలిచాను. రెండు గొట్టాలూ కాల్చడానికి పనికిరావని చెప్పేశాను. ఆయన తల ఊపి, "కాలుస్తనని ఎవలన్నరు?" అన్నారు. మెడ దగ్గర, అంటే చెయ్యి చుట్టి పట్టుకునే సన్నని చోట, చెక్క ఎప్పుడో చిట్లితే ఊరి అవుసలాయన (కంసాలి) ఇత్తడి తీగ చుట్టారు. ఒక్కో వరస పక్కపక్కనే, మధ్యలో వెంట్రుక దూరని బిగువుతో. చివర ముడి కూడా కనపడదు, తీగ కొసను చెక్కలోకే దించేశారు. రైతు ఆ తీగ మీద బొటనవేలు పెట్టి, "అన్నీ బాగుచెయ్యి. ఇది మాత్రం ఇప్పకు" అన్నారు. చిట్లిన రోజున ఎద్దుల బండి మీంచి తుపాకీతో సహా పడ్డది ఆయనే, పదేళ్ళ పిల్లాడు. నాన్న కొడతాడని వణుకుతుంటే ఆ నాన్న పిల్లాణ్ణి ఎత్తుకుని అవుసలాయన ఇంటికి నడిచారట.

కిరోసిన్, సన్నని ఉక్కు పీచు పట్టి తుప్పు తీశాను. చెదలు తిన్న చోట పాత అక్రోటు ముక్క అతికి, ఉడికించిన అవిసె నూనె అరచేత్తో రుద్దాను, రోజుకు ఒక్క పూత చొప్పున పదిహేను రోజులు. తీగను ముట్టలేదు. ఆ తుపాకీ ఇక పేలదు. దాని లైసెన్సు మాత్రం ఆయన తప్పకుండా రెన్యువల్ చేయిస్తూ వచ్చారు. నా బల్ల మీదకు వచ్చిన వాటిలో అంతకంటే విలువైనది నేను చూడలేదు.

మమకారంలో ఇంకో రకం బ్యాంకు గన్‌మెన్లది. మన కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచి సైన్యానికి వెళ్ళొచ్చినవాళ్ళు చాలామంది 12 బోర్ లైసెన్సు తీసుకుని బ్యాంకుల్లో, క్యాష్ వ్యాన్ల మీద చేస్తారు. తుపాకీ ఉంటేనే ఆ ఉద్యోగం. సింగిల్ బ్యారెల్, లేకపోతే తిరుచిరాపల్లి ఫ్యాక్టరీ పంప్ యాక్షన్ (ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేది). దానికి నగిషీ ఉండదు, పేరూ ఉండదు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు డిపాజిట్ చెయ్యమంటారు కదా, బ్యాంకు డ్యూటీ ఉన్నవాళ్ళు మినహాయింపు కాగితం కోసం తిరుగుతుంటారు. అది దొరికేదాకా వాళ్ళ మొహాల్లో నెత్తురు ఉండదు. ఒకాయన ప్రతి దసరాకు ముందు తన సింగిల్ బ్యారెల్ నా దగ్గర శుభ్రం చేయించుకుని పోతారు. "ఇప్పటిదాకా మనిషి మీదికి ఎత్తలేదు సార్, ఇద్దరు బిడ్డల ఇంజనీరింగ్ ఫీజులు ఇదే కట్టింది" అని ఒకసారి అన్నారు. ఆయనకు గొట్టం మోతతో పనిలేదు. బరువు తక్కువ ఉండాలి, స్ప్రింగు విరిగితే మర్నాటికి దొరకాలి. అదీ ప్రేమే, పాత బర్మింగ్‌హామ్ మీద ఉండే ప్రేమకు ఏ మాత్రం తక్కువది కాదు.

దసరా మాట వచ్చింది కాబట్టి ఆయుధపూజ గురించి ఒకటి చెప్పాలి. పసుపునీళ్ళు, కుంకుమ నేరుగా ఇనుము మీద చల్లకండి. మర్నాడు తుడిచినా సందుల్లో మిగిలినది తుప్పు పట్టిస్తుంది. చెక్క మీద ఒక చిన్న బొట్టు పెట్టి పువ్వు ఉంచితే చాలు. సంబరానికి గాల్లోకి కాల్చడం మాత్రం పెళ్ళయినా పండగైనా చేయొద్దు. 2019 సవరణలో దానికి రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పెట్టారు. పైకి పోయిన గుండు ఎవరింటి మీదో పడుతుంది.

రివాల్వర్ వాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. క్వారీల వాళ్ళు, రైస్ మిల్లుల వాళ్ళు, రియల్ ఎస్టేట్ వాళ్ళు పాయింట్ 32 కొంటారు. చాలామందికి అది భయానికి మందు. భయం తగ్గాక నూనె కూడా పట్టించరు. పాత వెబ్లీ రివాల్వర్ ఉన్నవాళ్ళు మాత్రం వేరు. 1980ల నుంచి మామూలు మనుషులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది కాబట్టి అవి ఉన్నవే, బయటి నుంచి కొత్తవి రావు. రైఫిళ్ళలో పాయింట్ 315 ఎందుకు ఎక్కువంటే, పాయింట్ 303 సైన్యం తూటా, అది పౌరులకు నిషేధం. ఆ ఖాళీలో నిలబడింది 315. మంచి తుపాకీ, గట్టి తుపాకీ. మన దగ్గర దాన్ని ముద్దుగా చూసుకునేవాళ్ళు మాత్రం నాకు తక్కువే తగిలారు.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకో. మన ప్రాంతంలో తుపాకీ అందరికీ ఒకే జ్ఞాపకం కాదు. దొర గడి గోడకు వేలాడిన దోనాలి ఆ ఇంటికి గౌరవం, ఊరికి భయం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య మీద పేలింది అలాంటి ఇంటి మనుషుల తుపాకే. ఆ తర్వాత 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో రైతుల చేతికి మొదట వచ్చింది వడిసెల, తర్వాత భర్మారు. మూతి నుంచి మందు, గుండు కూరి కాల్చే భర్మారు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో పంట కాపలా లైసెన్సు మీద ఉంది. మీ తాత తుపాకీ ఎందుకు కొన్నారో, ఎవరి దగ్గర కొన్నారో అమ్మను అడుగు, ఊళ్లో పెద్దవాళ్ళను కూడా అడుగు. పాకాల అడవి అంచు ఊరు కాబట్టి పందులకో, పులి భయానికో కొని ఉండొచ్చు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక అలాంటి తుపాకులు ఎన్నో దూలానికే వేలాడాయి. ఇంట్లో ఉర్దూలో రాసిన పాత లైసెన్సు కాగితం ఏదైనా ఉంటే పారేయకు. తుపాకీకి అదే జాతకం.

ఇక నువ్వేం చేయాలో. ఉంచుకోవాలనుకుంటే వారసుడిగా నువ్వే దరఖాస్తు చేసుకోవచ్చు. 2016 ఆయుధాల నియమాల్లో దీనికి వీలుంది. వయసు 21 నిండాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, అమ్మా అన్నల నుంచి అభ్యంతరం లేదన్న కాగితం కావాలి. ఆయుధ భద్రత శిక్షణ సర్టిఫికెట్ కావాలి, అది నిజంగా నేర్చుకుని తీసుకో. మీది కమిషనరేట్ పరిధి కాబట్టి లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. ఇది చదువుతున్న మిగతావాళ్ళకు ఒక మాట. లైసెన్సుదారు బతికుండగానే, 70 ఏళ్ళు నిండినా, తుపాకీ 25 ఏళ్ళుగా ఆయన దగ్గర ఉన్నా, తన వారసుల్లో ఒకరికి ఇప్పించవచ్చు. మీ నాన్నగారు ఉన్నప్పుడే ఆ పని చేసుకోండి.

డీలర్ దగ్గర డిపాజిట్ చేసే రోజున, అక్కడి మెకానిక్ చేతే గొట్టాలు విడదీయించి నాలుగు సంగతులు చూడమను. ఒకటి, గొట్టాల మీద నీటి అలల్లాంటి గీతలున్నాయా అని. ఉంటే అది ఇనుము, ఉక్కు పట్టీలు మెలేసి చేసిన డమాస్కస్ గొట్టం. అలాంటివి చాలావరకు పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కోసం చేసినవి. ఇప్పటి తూటా అందులో పెట్టొద్దు, ఎంత అందంగా ఉన్నా సరే. రెండు, గొట్టాల కింద చదునుగా ఉన్న చోట ముద్రలు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి తుపాకులను పరీక్షించి ముద్ర వేస్తోంది. కిరీటం కింద ఎన్‌పీ అక్షరాలుగానీ నైట్రో అన్న మాటగానీ ఉంటే ఆధునిక తుపాకిమందుకు పరీక్ష పాసైనట్టు. గుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ ఉంటే బెల్జియంలోని లీజ్‌ది. మూడు, చాంబర్ పొడవు, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు పొడవు. పాతవి ఎక్కువ రెండున్నర అంగుళాలు, అంటే సుమారు 65 మిల్లీమీటర్లు. అందులో 70 మిల్లీమీటర్ల తూటా నున్నగా దూరిపోతుంది, ప్రమాదం అక్కడే ఉంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. నాలుగు, లోపలి గుంటలు. ఎంత ముద్దొచ్చినా ఈ నాలుగూ తేలేదాకా ఒక్క తూటా కూడా కాల్చొద్దు.

తోలు సంచిలో ఉంచితే వెంటనే తీసెయ్యి. వానాకాలం తోలు తేమ పీల్చి ఇనుముకు ఇస్తుంది. తాతల అలవాటు ప్రకారం కొబ్బరినూనె రాసి ఉంటే కడిగించు. మన చలికాలంలో అది గడ్డకట్టి లాక్ మందగిస్తుంది. గొట్టాలు పొట్టిగా కోయించుకుంటే బాగుంటుందని ఎవరైనా సలహా ఇస్తే వినకు, అది నేరం.

అన్నయ్య అమ్మేద్దామన్న మాటలో తప్పేం లేదు. పాత డబుల్ బ్యారెల్‌కు మన దగ్గర వచ్చే డబ్బు పెద్దది కాదు, అదీ లైసెన్సు ఉన్న మనిషికే అమ్మాలి. లైసెన్సు, లాకర్, ఎన్నికలప్పుడు డిపాజిట్, ఐదేళ్ళకోసారి రెన్యువల్, ఇవన్నీ నువ్వు నిజంగా మొయ్యలేననుకుంటే, చూసుకునే మనిషికి అమ్మడమే ఆ తుపాకీకి మేలు. మొయ్యగలిగితే ఉంచుకో. నన్నడిగితే ఉంచుకోమంటాను. ఒకవేళ అమ్మినా, అమ్మే ముందు ఒక్కసారి అమ్మ చేత చెక్క మీద ఆ నున్నటి చోటు తాకించు.

ముద్రలు ఏమున్నాయో, గీతలున్నాయో లేదో రాసి పెట్టు, చదివి చెప్తాను. తుపాకీ నంబరు మాత్రం ఇక్కడ రాయొద్దు.